పాయింటు మారిందని నీకెట్ల తెలుసు?

ముందే చెప్పేస్తున్నా, ఇది బొమ్మ రైళ్ళ గురించి. "వీడికి పనీపాటా లేదా" అనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను. కానీ ఎప్పుడైనా రాత్రి రెండింటికి ఆన్-కాల్ ఫోన్ ఎత్తిన పాపానికి పోయినవాళ్ళయితే మాత్రం చివరిదాకా చదవండి. ఇందులో మీకూ వాటా ఉంది :)

మా నాన్న కాజీపేటలో రైల్వే సిగ్నల్ డిపార్ట్‌మెంటులో 34 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. నేను ఇంగ్లాండులో రెడింగ్ అనే ఊళ్ళో సాఫ్ట్‌వేర్ రాసుకుంటూ బతుకుతున్నా. చిన్నప్పుడు నాన్న వెంట కేబిన్‌కి వెళ్ళి మీటలు లాగుతుంటే చూసిన పిచ్చి ఎక్కడికి పోతుంది? ఇక్కడికొచ్చాక చూస్తే పెద్ద పెద్దవాళ్ళు, తెల్లగడ్డాల తాతయ్యలు కూడా ఇంట్లో ఒక గది మొత్తం రైలు పట్టాలు పరుచుకుని కూర్చుంటున్నారు. దేశం నిండా క్లబ్బులు, ఎగ్జిబిషన్లు. ఇంకేం, నేనూ మొదలెట్టా. ఎనిమిది అడుగుల చెక్క, రెండున్నర అడుగుల వెడల్పు, ఇక్కడ అందరూ వాడే ఓఓ స్కేలు. అంటే అసలు రైలులో 76వ వంతు. ఒక మెయిన్ లైను, ఒక లూప్ లైను, చిన్న గూడ్స్ యార్డు. మొత్తం ఎనిమిది పాయింట్లు.

పాయింటు అంటే తెలియనివాళ్ళకి: ఒక పట్టా రెండుగా చీలే చోటు. అక్కడ కదిలే బ్లేడు ఎటు అతుక్కుని ఉంటే రైలు అటు వెళ్తుంది. మన ఫర్-లూప్‌లో ఇఫ్ కండిషన్ లాంటిదన్నమాట. అది తప్పయితే ఎక్సెప్షన్ రాదు, రైలు వేరే దారిలో పోతుంది.

సాఫ్ట్‌వేర్ వాడిని కదా, మొదట్లోనే తీర్మానించేసుకున్నా: అంతా డిజిటల్. చెక్క అంచున స్విచ్చులు, బటన్లు, కింద తీగల గుట్టలు, ఆ తాతయ్యల పద్ధతి నాకొద్దు. డీసీసీ అని ఒకటుంది. జర్మనీకి చెందిన లెంజ్ కంపెనీ చేసిన పని ఆధారంగా అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990లలో ప్రమాణంగా తెచ్చింది. పట్టాల్లో కరెంటుతో పాటే ఆదేశాలు కూడా వెళ్తాయి. ధ్రువాలు అటూ ఇటూ మారుతూ ఉంటే, ఆ మార్పు 58 మైక్రోసెకన్లకి జరిగితే ఒకటి, 100 లేదా అంతకంటే ఎక్కువైతే సున్నా. పాయింటు దగ్గర ఒక డీకోడర్ పెడితే తన అడ్రసుకి వచ్చిన పాకెట్ చదువుకుని మోటారుని తిప్పుతుంది. ఎంత అందమైన డిజైనో చూడండి! రెండే రెండు తీగలు చెక్క కింద ఈ చివర్నించి ఆ చివరికి లాగితే చాలు. ఒక రాస్ప్‌బెర్రీ పై మీద జేఎంఆర్ఐ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వేసి, పాయింట్లన్నీ ఫోన్లోకి తెచ్చేశా. ఎనిమిది పాయింట్లు, ఎనిమిది ఐకాన్లు. చెక్క మీద ఒక్క బటన్ కూడా లేదు. గర్వంగా వీడియో తీసి నాన్నకి పంపించా కూడా. "బాగుంది బిడ్డా" అన్నాడు. అంతే. ఇంకేం అనలేదు. నాకు కాస్త చిన్నబుచ్చినట్టైంది.

పోయిన చలికాలం అమ్మానాన్న ఆర్నెల్ల వీసా మీద వచ్చారు. వచ్చిన మొదటి ఆదివారమే నాన్నకి కుర్చీ వేసి డెమో మొదలెట్టా. లూప్ లైన్లో ఒక లోకో నిలబడి ఉంది, దాన్ని మెయిన్ లైన్ మీదకి తేవాలి. ఫోన్లో మూడో నెంబర్ పాయింటు నొక్కా. ఐకాన్ మారింది. లోకో కదిలించా. పాయింటు దాకా వచ్చింది, టప్పుమని ఆగింది. దాని లైట్లు ఆరిపోయాయి. యార్డులో ఇంకో లోకో లైట్లూ ఆరిపోయాయి. మొత్తం లేఅవుట్ చీకటి.

ఏమైందంటే, పట్టాల మధ్య పరిచిన కంకర గింజ ఒకటి బ్లేడు సందులో ఇరుక్కుంది. మోటారు ఒకసారి తన్నింది, బ్లేడు కదల్లేదు. ఫోన్లో ఐకాన్ మాత్రం మారిపోయింది. పాయింటులో రెండు పట్టాలు దాటుకునే చోట ఫ్రాగ్ అనే లోహపు ముక్క ఉంటుంది, మన రైల్వేలో క్రాసింగ్ అంటారు. పాయింటు ఎటుంటే అటువైపు పట్టా ధ్రువం దానికి రావాలి. పాయింటు మారలేదు కాబట్టి ఫ్రాగ్ ధ్రువం మారలేదు. లోకో చక్రం దాని మీదకి ఎక్కగానే షార్ట్ సర్క్యూట్. డీసీసీ బూస్టర్ తనని తాను కాపాడుకోవడానికి కరెంటు ఆపేసింది. అది దాని పని, తప్పులేదు.

సరే, గోటితో గింజ తీసేశా. ఫోన్లో మళ్ళీ నొక్కా. ఏమీ లేదు. మళ్ళీ నొక్కా. ఊహూ. అప్పుడు వెలిగింది నాకు. పాయింటు డీకోడర్ తన కరెంటు, తన ఆదేశాలు రెండూ తీసుకునేది ఆ పట్టాల లైన్ నుంచే. ఆ లైన్ షార్ట్ వల్ల ఆగిపోయింది. షార్ట్ పోవాలంటే పాయింటు మారాలి. పాయింటు మారాలంటే లైన్‌లో కరెంటు రావాలి. కరెంటు రావాలంటే షార్ట్ పోవాలి. అచ్చమైన డెడ్‌లాక్, కాలేజీలో ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్లో పది మార్కులకి రాసిందే. నా ఇంట్లో, నా చేత్తో నేనే కట్టుకున్నా.

నాన్న లేచాడు. ముందుకి వంగి బొటనవేలితో బ్లేడుని నెట్టాడు. టక్ మంది. బ్లేడుతో పాటు మోటారు, దాని కింద ఫ్రాగ్ స్విచ్చు కూడా కదిలాయి. షార్ట్ పోయింది, బూస్టర్ మళ్ళీ లేచింది, లైట్లన్నీ వెలిగాయి.

మళ్ళీ కూర్చుంటూ అడిగాడు: "నువ్వు ఫోన్ల నొక్కినవు. పాయింటు మారిందని నీకెట్ల తెలుసు?"

"ఐకాన్ మారింది కదా నాన్నా."

"అది నువ్వు చెప్పింది. పాయింటు ఏం చెప్పింది?"

నా దగ్గర జవాబు లేదు.

అప్పటికి మూడేళ్ళుగా జేఎంఆర్ఐ వాడుతున్నా. దాన్లో ప్రతి పాయింటుకీ రెండు స్థితులు వేరువేరుగా ఉంటాయి: ఆదేశించిన స్థితి, తెలిసిన స్థితి. ఫీడ్‌బ్యాక్ ఏమీ తగిలించకపోతే డైరెక్ట్ అనే మోడ్‌లో ఉంటుంది. అంటే ఆదేశం పంపగానే పని అయిపోయినట్టే రాసేసుకుంటుంది. దాన్ని రాసినవాళ్ళకి ఈ తేడా స్పష్టంగా తెలుసు కాబట్టే రెండు వేరియబుల్స్ పెట్టారు. నేనే రెండోదాన్ని ఖాళీగా వదిలేశా. పైగా డీసీసీలో పాయింటుకి వెళ్ళే మామూలు ఆదేశం ఏకముఖం, అవతలి నుంచి "సరే" అని రాదు. మనవాళ్ళకి యూడీపీ అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు.

ఇక నా అభిప్రాయం, నిర్మొహమాటంగా. పాయింట్లని పూర్తిగా డిజిటల్ చేయడం తప్పు. డిజిటల్ చెడ్డదని కాదు, అదొక్కటే ఉండటం తప్పు. ప్రతి ముఖ్యమైన పాయింటుకీ రెండోదారి ఉండాలి. ఆ దారి కరెంటు వేరే ఉండాలి, తీగ వేరే ఉండాలి, దాని మధ్యలో ప్రోగ్రాం అనేది ఉండకూడదు. పాయింటు ఎటుందో చెప్పాల్సింది ఆదేశం పంపినవాడు కాదు, పాయింటే. నాన్న బొటనవేలు చేసిన పనిని తీగతో చేయాలి, అంతే.

ఇప్పుడు ఎలా చేశానో చెప్తా. ఈ హాబీలోకి దిగాలనుకునే మనవాళ్ళకి పనికొస్తుంది.

మొదటిది, ఏ పాయింటుకి డిజిటల్ అవసరమో తేల్చుకున్నా. యార్డులో ఉన్న ఐదింటికి అవసరమే లేదు. అక్కడ షంటింగ్ చేసేటప్పుడు మనిషి ఎలాగూ ఎదురుగా నిలబడే ఉంటాడు. వాటికి సోలినాయిడ్ మోటార్లు అలాగే ఉంచి, డీకోడర్లు పీకేసి, బటన్లు పెట్టేశా. సోలినాయిడ్ అంటే రెండు తీగచుట్టలు, మధ్యలో ఇనుప కడ్డీ. ఈ చుట్టకి కరెంటిస్తే ఇటు, ఆ చుట్టకిస్తే అటు. క్షణం పాటే ఇవ్వాలి. బటన్ మీద వేలు అలాగే ఉంచితే చుట్ట మాడిపోతుంది. అందుకే మధ్యలో కెపాసిటర్ డిశ్చార్జ్ యూనిట్, అంటే సీడీయూ పెడతారు. కెపాసిటర్లలో నింపుకున్నదంతా బటన్ నొక్కగానే ఒక్క దెబ్బలో వదులుతుంది. దెబ్బ గట్టిగా పడుతుంది, ఆ తర్వాత వేలు తీయకపోయినా చుట్టకి పెద్దగా ఏమీ అందదు. 16 వోల్టుల ఏసీ, ఒక సీడీయూ, పది బటన్లు. ఒక సాయంత్రం పని.

ఇక్కడో హెచ్చరిక. ఒకే సోలినాయిడ్‌కి డీకోడర్ తీగా, బటన్ తీగా రెండూ నేరుగా కలిపేద్దాం అనుకుంటారు చాలామంది. వద్దు. సీడీయూ వదిలిన దెబ్బ డీకోడర్ అవుట్‌పుట్‌లోకి వెనక్కి తన్ని దాన్ని కాల్చేయొచ్చు. కొన్ని డీకోడర్లకే బటన్ తగిలించుకునే ఇన్‌పుట్లు ఉంటాయి, అవి మంచివే. కానీ డీకోడర్ బతికుంటేనే ఆ బటన్ పనిచేస్తుంది. అది రెండోదారి కాదు, మొదటి దారికే ఇంకో గుమ్మం.

రెండోది, మెయిన్ లైన్ మీదున్న మూడు పాయింట్లు. వీటికి నెమ్మదిగా తిరిగే మోటార్లు వేశా. 12 వోల్టుల డీసీ చాలు, ధ్రువం మారిస్తే దిశ మారుతుంది, చివరికి చేరాక కరెంటు ఉన్నా ఏమీ కాకుండా కొద్ది మిల్లీ ఆంపియర్లు తాగుతూ అలాగే బ్లేడుని అదిమి పట్టుకుంటుంది. వీటికి రెండుదారులు పెట్టడం తేలిక. రెండు పోల్స్, రెండు దిక్కులు ఉండే స్విచ్చు ఒకటి తీసుకోండి. మోటారు రెండు తీగలూ మధ్య కాళ్ళకి. ఒకవైపు కాళ్ళకి డీకోడర్ నుంచి వచ్చే రెండు తీగలు. రెండోవైపు కాళ్ళకి చెక్క అంచున ఉండే మీట నుంచి వచ్చే రెండు తీగలు, ఆ మీటకి సొంతంగా ఒక 12 వోల్టుల అడాప్టరు. స్విచ్చు ఇటుంటే డిజిటల్, అటుంటే చేయి. రెండు పోల్సూ ఒకేసారి మారతాయి కాబట్టి రెండు కరెంట్లూ ఎప్పుడూ కలవవు. ఇనుముతో చేసిన మ్యూటెక్స్ :)

మూడోది, పాయింట్ల డీకోడర్లకి పట్టాల లైన్ నుంచి కాకుండా వేరే లైన్ లాగి, దానికి సొంత బూస్టర్ పెట్టా. ఇప్పుడు పట్టాల మీద షార్ట్ వచ్చినా పాయింట్లు ఫోన్ మాట వింటాయి. ఇదొక్కటి మొదట్నుంచీ చేసి ఉంటే ఆ ఆదివారం పరువు దక్కేది.

నాలుగోది నాన్న పెట్టిన మెలిక. నెమ్మది మోటార్లలో లోపలే రెండు స్విచ్చులు ఉంటాయి. ఒకటి ఫ్రాగ్‌కి వాడి, రెండోది దీపానికి కలిపి, "ఇదిగో నాన్నా, ఇప్పుడు పాయింటే చెప్తోంది" అన్నా. ఆయన చెక్క కిందకి దూరి చూసి, మోటారుకీ బ్లేడుకీ మధ్య ఉన్న స్టీలు తీగని చూపించి, "ఇది ఊడిపోతే?" అన్నాడు. ఊడిపోతే మోటారు తిరుగుతుంది, దీపం మారుతుంది, బ్లేడు కదలదు. "మోటారు సంగతి ఎవడడిగిండు? బ్లేడు సంగతి చెప్పు." అసలు రైల్వేలో డిటెక్షన్ తీసుకునేది బ్లేడు నుంచే, దానికి ప్రత్యేకంగా కడ్డీలు ఉంటాయట. బ్లేడుకీ పక్క పట్టాకీ మధ్య 5 మిల్లీమీటర్ల ముక్క పెట్టి తిప్పితే లాక్ పడకూడదు, సిగ్నల్ రాకూడదు. ఆ పరీక్ష సర్వీసంతా చేశానన్నాడు. నా స్కేల్లో లెక్కేస్తే అది వెంట్రుక మందం. అంత నావల్ల కాదు గానీ, మూడు పాయింట్లకీ బ్లేడు చివర, మోటారుకి అవతలివైపు, రెండేసి మైక్రోస్విచ్చులు పెట్టా. ఈ కొసకి ఆనితే ఒకటి, ఆ కొసకి ఆనితే ఇంకోటి. వాటిని జేఎంఆర్ఐలో రెండు సెన్సర్ల మోడ్‌కి కలిపా. రెండూ పడకపోతే ఐకాన్ "పొంతన లేదు" అని చూపిస్తుంది. అబద్ధం కంటే అది నయం.

ఇంకో చిక్కు నేనే కనిపెట్టా, అది మాత్రం నా క్రెడిట్. చేతి మీటతో పాయింటు మార్చాక స్విచ్చు మళ్ళీ డిజిటల్ వైపు తిప్పామనుకోండి. డీకోడర్‌కి గుర్తున్నది తన పాత ఆదేశం. వెంటనే మోటారుని పాత వైపుకి తిప్పేస్తుంది. దాని మీద రైలుంటే గోవిందా. పాత క్యాష్‌తో ప్రొడక్షన్ మీద రాసేయడం అన్నమాట. అందుకని జేఎంఆర్ఐలో చిన్న స్క్రిప్టు రాశా. చేతి మోడ్‌లో ఉన్నంతసేపూ సెన్సర్లు ఏం చెప్తే డీకోడర్‌కీ అదే ఆదేశం పంపుతూ ఉంటుంది. అధికారం తిరిగి తీసుకునే ముందు నేల మీద ఏముందో చూసుకోవాలని దానికి నేర్పించా.

"ఇన్ని తీగలా? డబుల్ ఖర్చు, డబుల్ పని" అంటారు పూర్తి డిజిటల్ వీరాభిమానులు. నిజమే, కాదనను. ఒక్క నొక్కుతో నాలుగు పాయింట్లు వరుసగా తిరిగి దారి మొత్తం సిద్ధమవడం బటన్లతో రాదు. అది డిజిటల్ సొగసు, నాకూ ఇష్టమే. నేను చెప్పేది సొగసుకి విరుద్ధం కాదు. సొగసు కూలిపోయిన రోజు ఏం చేస్తారనేదే నా ప్రశ్న.

ఇది బొమ్మల గోల మాత్రమే అనుకోకండి. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్ ఆరు గంటల పాటు పడిపోయాయి, గుర్తుందా? మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక ఆదేశం వాళ్ళ వెన్నెముక నెట్‌వర్క్‌ని తెంపేసింది. దాన్ని బాగుచేయడానికి వాడే పనిముట్లు కూడా ఆ నెట్‌వర్క్ మీదే ఆధారపడి ఉన్నాయి. చివరికి ఇంజినీర్లు డేటా సెంటర్లకి స్వయంగా వెళ్ళాల్సొచ్చింది. నా మూడో పాయింటు కథే, కాస్త పెద్ద స్కేల్లో. నేను పనిచేసే చోట కూడా ఒకసారి క్లస్టర్ పడిపోయింది, పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్దామంటే ఆ బటన్ ఉన్న డాష్‌బోర్డు నడిచేది ఆ క్లస్టర్ మీదే. ఆ రాత్రి నాకు తట్టని పోలిక నాన్న బొటనవేలు చూశాక తట్టింది.

స్కేలు ఇంకా పెద్దదైతే ఏమవుతుందో మనందరికీ తెలుసు. 2023 జూన్ 2 సాయంత్రం ఒడిశాలోని బాహానగా బజార్ స్టేషన్లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కి మెయిన్ లైన్ సిగ్నల్ ఆకుపచ్చగా ఉంది. పాయింటు మాత్రం లూప్ లైన్‌కి ఉంది. అక్కడ గూడ్స్ బండి నిలబడి ఉంది. 290 మందికి పైగా చనిపోయారు. అది మన ఊళ్ళ మీదుగా చెన్నై వెళ్ళే బండి. రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది ఏమిటంటే, అంతకుముందు సిగ్నల్ సర్క్యూట్లలో చేసిన మార్పుల్లో, ఆ దగ్గర్లోని లెవెల్ క్రాసింగ్ గేటు కోసం చేస్తున్న పనిలో జరిగిన లోపాలు. అంటే ఆదేశం వేరు, స్థితి వేరు అని తెలిసిన వ్యవస్థే అది, డిటెక్షన్ ఉన్న వ్యవస్థే. కానీ ఆ కబురు మోసే తీగ తప్పు చోట కలిస్తే, పాయింటు చెప్పిన నిజం పైదాకా చేరదు. ఆ రాత్రి నాన్న టీవీ ముందు నుంచి లేవలేదని, అన్నం తినలేదని అమ్మ ఫోన్లో చెప్పింది. నాకు అప్పట్లో అర్థం కాలేదు. ప్రమాదం చూసి బాధపడుతున్నాడనుకున్నా. 34 ఏళ్ళు తను బిగించిన ప్రతి తీగనీ ఆ రాత్రి మళ్ళీ తలుచుకున్నాడని మొన్న చెక్క కింద పక్కపక్కన పడుకుని తీగలకి చీటీలు కడుతున్నప్పుడు చెప్పాడు.

అవును, చీటీలు. నేను రంగులు చూసి గుర్తుపడతానంటే వినలేదు. ప్రతి తీగకీ రెండు చివర్లా నెంబరు, అదే నెంబరు ఒక నోటుబుక్కులో. ఒక తీగ మార్చితే, ఆ పాయింటు రెండు వైపులా తిప్పి, బ్లేడు కళ్ళతో చూసి, దీపం చూసి, అప్పుడు నోటుబుక్కులో సంతకం. సంతకం ఎవరిదంటే నాదే. "ఇంట్ల ఆడుకునేదానికి సంతకమెందుకు నాన్నా" అంటే, "అలవాటు" అన్నాడు. ఆఫీసులో నా కోడ్ రివ్యూలు ఎలా చేస్తున్నానో తలుచుకుని కాస్త సిగ్గేసింది.

అమ్మానాన్న పోయిన నెల తిరిగి వెళ్ళిపోయారు. ఉన్నన్నాళ్ళూ సాయంత్రం రెండు గంటలు మా డ్యూటీ. నేను ఫోన్ పట్టుకుని రైళ్ళు నడిపేవాణ్ణి, నాన్న చెక్క అంచున మీటల దగ్గర కూర్చునేవాడు. పాయింట్ల మీటలకి నలుపు రంగు వేయించాడు, కేబిన్లో ఉన్నట్టే. మొదటి వెర్షన్లో ఆయనకి కూర్చోవడానికి కుర్చీ తప్ప పట్టుకోవడానికి ఏమీ లేదని అప్పుడు గానీ నాకు తట్టలేదు. ఆ వీడియోకి "బాగుంది బిడ్డా" తప్ప ఇంకేం అనలేదంటే ఎందుకంటాడు మరి.

నిన్న ఫోన్ చేసినప్పుడు అమ్మతో మాట్లాడటం అయ్యాక ఆయన తీసుకున్నాడు. ఆరోగ్యం, ఉద్యోగం, చలి ఎలా ఉంది, అన్నీ అయ్యాక అడిగాడు:

"మూడో నెంబరు మంచిగ మారుతుందా?"

"ఆ, మారుతోంది నాన్నా."

"చూసి చెప్తున్నవా, అనుకుని చెప్తున్నవా?"

ఫోన్ పట్టుకునే లేచి గదిలోకి వెళ్ళి, మీట లాగి, బ్లేడు చూసి చెప్పా.